మెరక ఎవరికి, పల్లం ఎవరికి?

గోదావరి డెల్టాలో పాత ఊళ్లు మెరక మీద కట్టినవి. గుడి, చెరువు, పెద్దవీధి, వాటిని చుట్టుకున్న పెంకుటిళ్లు, ఇదంతా గ్రామకంఠం. అక్కడి నుంచి నాలుగడుగులు కిందికి దిగితే చేలు. ఈ ఏర్పాటుకు మాస్టర్ ప్లాన్ లేదు, జీవో లేదు. శ్రావణ భాద్రపదాల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కళ్లారా చూసినవాళ్లు ఎక్కడ ఇల్లు కట్టకూడదో తేల్చుకున్నారు, అంతే. మెరక మీద చోటు దక్కనివాళ్లు పల్లంలో పేటలు కట్టుకుని ప్రతి వర్షాకాలం దాని ఖరీదు చెల్లించారు. ఇళ్ల గురించి, స్థలాల గురించి ఈనాడు పాత రెండు గోదావరి జిల్లాల్లో నడుస్తున్న తగాదాలన్నీ ఈ మెరక పల్లాల గీత దగ్గరే మొదలవుతాయి. విచిత్రమేమిటంటే, తగాదా పడేవాళ్లెవరూ ఆ గీత పేరెత్తరు. సర్వే నంబర్ల గురించి, సెంట్ల గురించి, కన్వర్షన్ గురించి, పార్టీల గురించి మాట్లాడుకుంటారు.

ఏ మండల కేంద్రం నుంచి బయటికి వచ్చే రోడ్డు చూసినా దృశ్యం ఒకటే. సార్వా ఊడ్చిన చేల మధ్య ఉన్నట్టుండి ఒక సిమెంటు ఆర్చి. దాని మీద ఏదో ఒక నగర్ లేదా ఒక ఎన్‌క్లేవ్. లోపల ఎర్ర గ్రావెల్ రోడ్లు, వాటికి రెండు వైపులా సున్నం కొట్టిన హద్దురాళ్లు, మూలన ఒక పార్కు బోర్డు. ఇళ్లు రెండో మూడో ఉంటాయి. కొన్నిచోట్ల అవీ ఉండవు. వెంచర్ గట్టుకూ పక్క చేనుకూ మధ్య నేల మట్టం మూడు నాలుగడుగులు తేడా. మునుపు అక్కడ చేల మీదుగా సాగిన పంట బోదె ఇప్పుడు రోడ్డు కింద ఒక చిన్న సిమెంటు గొట్టంలోకి దూరి అవతల తేలుతుంది. బోదె వెడల్పు నాలుగడుగులైతే గొట్టం వెడల్పు అడుగో అడుగున్నరో. ఈ వ్యాసంలో చెప్పవలసిన కథలో సగం ఆ గొట్టంలోనే ఉంది.

ముందు జనం లెక్క. 2011 జనగణనలో పాత తూర్పు గోదావరి జిల్లాలో చదరపు కిలోమీటరుకు 477 మంది, పశ్చిమ గోదావరిలో 508 మంది. అవి ఏజెన్సీ కొండలు, మెట్ట మండలాలు కలుపుకున్న సగటులు. 2022లో జిల్లాలు విడగొట్టాక కోనసీమ విడి జిల్లాగా నిలబడింది. అదే 2011 జనాభాను దాని విస్తీర్ణంతో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 800 దాటుతుంది. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ సగటు 304. అంటే మనం పల్లెటూరు అనుకునే చోట, కొబ్బరి తోటల మధ్య, రాష్ట్ర సగటుకు రెండున్నర రెట్ల కంటే ఎక్కువ జనం కాపురం ఉంటున్నారు. పైగా అక్కడ బంజరు లేదు, కొండపోరంబోకు లేదు. మిగిలినదంతా పొలమో తోటో చెరువో లంకో. కొత్త ఇల్లు ఎక్కడ కట్టాలన్నా దేన్నో ఒకదాన్ని తినాలి.

రాజమండ్రి లెక్క ఇంకో సంగతి చెబుతుంది. అదే జనగణనలో నగరపాలక సంస్థ హద్దుల్లో 3,41,831 మంది ఉంటే, చుట్టుపక్కల ఆనుకున్న ఊళ్లు కలిపిన నగర సముదాయంలో 4,76,873 మంది ఉన్నారు. లక్షా ముప్పై అయిదు వేల మంది ఊరి పన్ను కట్టి పట్నం బతుకు బతుకుతున్నారన్నమాట. ధవళేశ్వరం, బొమ్మూరు, హుకుంపేట, కాతేరు, కొలమూరు లాంటి చోట్ల పంచాయతీ ఎక్కడ అయిపోయిందో కార్పొరేషన్ ఎక్కడ మొదలైందో ఆటో డ్రైవర్ కూడా చెప్పలేడు. వీటిని నగరంలో కలపాలన్న ప్రతిపాదన ఎప్పుడు లేచినా ఊళ్లలో అభ్యంతరాలూ లేస్తాయి. ఇంటి పన్ను పెరుగుతుందంటారు, ఉపాధి హామీ పనులు పోతాయంటారు. రెండూ నిజమే. కలిపితే మంచినీళ్లు, మురుగు కాలువలు వస్తాయని అవతలివాళ్లంటారు. అది సగమే నిజం. ఈ లోపల అపార్ట్‌మెంట్లు మాత్రం ఎవరి తీర్పు కోసమూ ఆగకుండా పంచాయతీ రోడ్ల మీద లేచాయి. ఇరవై అడుగుల వీధిలో ముప్పై కాపురాలు, వాటి వాడుక నీళ్లన్నీ పాత పొలం కాలువలోకి.

ఇక చట్టం. చేను సైటుగా మారాలంటే 2025 దాకా రెండు గడపలు దాటవలసి వచ్చేది. మొదటిది రెవెన్యూ వాళ్లది. 2006లో వచ్చిన వ్యవసాయ భూమి మార్పిడి చట్టాన్ని జనం పాత వ్యవసాయేతర భూమి పన్ను (నాలా) చట్టం అలవాటు కొద్దీ నాలా అనే పిలిచారు. రుసుము కట్టి ఆ కాగితం తెచ్చుకుంటే చేను చేను కాకుండా పోయేది. రెండో గడప ప్లానింగ్ వాళ్లది. పంచాయతీ అయితే 2002 లేఅవుట్ నియమాలు, పట్టణాభివృద్ధి సంస్థ పరిధి అయితే 2016 నాటి చట్టం, 2017 నాటి లేఅవుట్ నియమాలు. రాజమండ్రి, కాకినాడలకు కలిపి మొదట గుడా అనే సంస్థ ఏర్పడింది, తర్వాత రెండుగా విడిపోయి రాజమండ్రికి రుడా మిగిలింది. మాస్టర్ ప్లాన్ పటంలో పసుపు రంగు పడితే నివాసం, ఆకుపచ్చ పడితే వ్యవసాయం. ఆకుపచ్చను పసుపు చేయాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పమనాలి. ఆ నోటిఫికేషన్ గెజిట్లో వస్తుంది, పేపర్లో ఒక మూల వస్తుంది. మురుగు ఎక్కడికి పోతుందని అడగవలసిన కౌలు రైతు ఆ పదిహేను రోజులూ బహుశా నాట్లలో ఉంటాడు.

రెండు గడపలూ దాటకుండా వేసిన లేఅవుట్లు రాష్ట్రమంతా లెక్కకు మించి ఉన్నాయి. వాటి కోసం 2020 జనవరిలో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) తెచ్చారు. లేఅవుట్లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టి క్రమబద్ధం చేయించుకోవచ్చన్నారు. 2025లో మరోసారి అలాంటి పథకమే వచ్చింది. కొన్నవాడు మోసపోయాడు కాబట్టి కాపాడాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ రెండుసార్లు క్షమించిన తప్పును మూడోసారి చేయడానికి భయపడే వ్యాపారి ఎక్కడుంటాడు? డబ్బు కట్టినంత మాత్రాన పార్కుకు వదలని పది శాతం భూమి తిరిగి పుట్టుకురాదు కదా.

2025లోనే ప్రభుత్వం నాలా చట్టాన్ని మొత్తానికే ఎత్తేసింది. దాని బదులు లేఅవుట్‌కో కట్టడానికో అనుమతి తీసుకునేటప్పుడు భూమి విలువలో నాలుగు శాతం బాహ్య అభివృద్ధి రుసుముగా కట్టాలి. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం తప్పింది, లంచాల మెట్టు ఒకటి తగ్గింది అని సంతోషించినవాళ్లు చాలామంది. ఆ సంతోషాన్ని తప్పుపట్టలేం. ఆ మెట్టు ఎన్నడూ పొలాన్ని కాపాడింది లేదు, రుసుము వసూలు చేసింది, అంతే. అయితే ఒక చేను సాగులోంచి పోతున్నదని రెవెన్యూ రికార్డులో ముందుగా తెలిసే చోటు అదొక్కటే ఉండేది.

పొలం అమ్మే రైతును దోషిగా నిలబెట్టడం తేలిక. అతని లెక్క విన్నాక అంత తేలిక కాదు. డెల్టాలో చాలా మంది భూస్వాములు తమ చేను తాము చేయరు, మక్తాకు, అంటే కౌలుకు ఇస్తారు. ఊరిని బట్టి, నీటి వసతిని బట్టి, సార్వా దాళ్వా రెండు పంటలకూ కలిపి ఎకరానికి పాతిక ముప్పై బస్తాలు వస్తాయి. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తా 1,777 రూపాయలు పడుతుంది. ముప్పై బస్తాలంటే 53 వేలు. అదే ఎకరాన్ని 45 లక్షలకు అమ్మి బ్యాంకులో ఆరు శాతానికి వేసుకుంటే ఏడాదికి రెండు లక్షల డెబ్భై వేలు. రోడ్డు పక్క ఎకరం ధర అంతకంటే చాలా పైన. కూతురు హైదరాబాద్‌లో, కొడుకు డాలస్‌లో ఉన్న డెబ్భై ఏళ్ల ముసలాయన్ని ‘ఆహార భద్రత కోసం నీ చేను అట్టే పెట్టు’ అని ఎవరు అడగగలరు? కడియం, కడియపులంకల్లో నర్సరీలు జాతీయ రహదారి పక్కనే ఉండి కూడా చాలావరకు నిలబడ్డాయంటే కారణం అక్కడివాళ్ల మట్టి ప్రేమ ఒక్కటే కాదు. మొక్కల మీద వచ్చే ఆదాయం వరి మీద రాదు.

నిజంగా నష్టపోయేది మక్తాదారు. చేను సైటైతే యజమానికి ధర ముడుతుంది, కొన్నవాడికి దస్తావేజు ముడుతుంది, పంచాయతీకి రుసుము ముడుతుంది. ఇరవై ఏళ్లు ఆ చేను దున్నినవాడికి ఏమీ ముట్టదు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండూ పంట అప్పు, బీమా, పరిహారం కోసం పుట్టినవి. భూమి చేతులు మారేటప్పుడు కౌలుదారు మాట వినాలని రెండింటిలోనూ లేదు. లేఅవుట్ మీద జరిగే ఏ వాదనలోనూ అతనికి కుర్చీ వేయరు.

ఇప్పుడు మళ్లీ ఆ గొట్టం దగ్గరికి. ఒక ఎకరం పల్లపు చేనును మూడడుగులు మెరక చేయించాలంటే లక్షా ముప్పై వేల ఘనపుటడుగుల మట్టి కావాలి. నాలుగు యూనిట్ల టిప్పరు ఒక ట్రిప్పుకు 400 ఘనపుటడుగులు తెస్తుంది. ఎకరానికి మూడొందలకు పైగా ట్రిప్పులు. పదెకరాల వెంచర్‌కు మూడు వేలు దాటుతాయి. ఆ మట్టి రాజానగరం, గండేపల్లి వైపు మెట్ట గుట్టల్లోంచో, ఏ కాలువ గట్టులోంచో రావాలి. డెల్టాలో ఊరు మెరకయినప్పుడల్లా మెట్టలో ఒక గుట్ట కరుగుతుంది. ఇది ఒక పక్క. ఇంకో పక్క, మునుపు ఆ పదెకరాల్లో వాన కురిసినప్పుడు అడుగు లోతు నీళ్లు నిలబడేవి, అంటే కోటీ ఇరవై లక్షల లీటర్లు. మెరక చేశాక ఆ నీళ్లకు అక్కడ చోటు లేదు. పక్క చేలోకి పోతాయి, అక్కడి నుంచి పల్లంలో ఉన్న పేటలోకి.

డెల్టా పనిచేసే తీరే అలాంటిది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో వచ్చిన కాటన్ బ్యారేజీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పది లక్షల ఎకరాలకు నీళ్లిస్తాయని చిన్నప్పుడే పాఠంలో చదువుకుంటాం. ఆ నీళ్లు బయటికి ఎలా పోతాయో పాఠంలో ఉండదు. యనమదుర్రు, నక్కల, కౌశిక, తుల్యభాగ లాంటి డ్రెయిన్ల పేర్లు వరదలొచ్చినప్పుడే వినిపిస్తాయి. 1960ల్లో మిత్ర కమిటీ వచ్చి డెల్టా మురుగు వ్యవస్థను పరిశీలించి మార్పులు సూచించింది, ప్రభుత్వం రైతుల దగ్గర డ్రైనేజీ సెస్సు వసూలు చేసింది. పొలాల మురుగు కాలువలకు ఇంజినీర్ల లెక్క ఒకటుంటుంది: వరి చేను రెండు మూడు రోజులు నీళ్లలో ఉన్నా తట్టుకుంటుంది కాబట్టి, నీళ్లన్నీ గంటల్లో లాగేయనక్కర్లేదు, నిదానంగా లాగినా చాలు. చేను ఓర్చుకుంటుంది. వంటిల్లు ఓర్చుకోదు. పొలం కోసం తవ్విన డ్రెయిన్ మీద కాలనీ బరువు వేసినప్పుడు తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే. అదే డ్రెయిన్లలో పూడిక తీయించలేక చేలే మునుగుతున్నాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్లీ పంట విరామం మాట లేచింది, అప్పుడూ డ్రెయిన్ల ఫిర్యాదు ముందు వరసలోనే ఉంది. 2025లో శంకరగుప్తం డ్రెయిన్ నుంచి ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి తోటలు మోడువారాయని రాజోలు వైపు రైతులు మొత్తుకున్నారు.

నియమాలు ఏం చెబుతున్నాయి? 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం పది మీటర్ల కంటే వెడల్పయిన కాలువకో డ్రెయిన్‌కో తొమ్మిది మీటర్ల దూరం వదలాలి. పది మీటర్ల లోపుదైతే రెండు మీటర్లు చాలు. ఇక పొలం బోదెను ఆ లెక్కలోకి ఎవరూ తీసుకోరు. ఒక చేనులో చేపల చెరువు తవ్వాలంటే ఇరుగుపొరుగు చేలకు ఏమవుతుందో చూడటానికి వేర్వేరు శాఖల అధికారుల కమిటీ కూర్చోవాలన్న పద్ధతి ఉంది. అది సరిగ్గా నడుస్తుందా అనేది వేరే మాట, పద్ధతైతే ఉంది. పది ఎకరాల్ని మూడడుగులు లేపే వెంచర్‌కు ఆ మాత్రం పద్ధతీ లేదు. ప్రైవేటు వెంచర్లు చేసిందే ప్రభుత్వం కూడా చేస్తే ఏమవుతుందో రాజమండ్రి పక్కనే తేలింది.

రాజమండ్రికి ఉత్తరాన కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములున్నాయి. ఆవ అంటే అక్కడివాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు, వాన పడితే చెరువయ్యే పల్లం. 2020లో రాజమండ్రి నగర పేదల ఇళ్ల స్థలాల కోసం అక్కడ దాదాపు 600 ఎకరాలు తీసుకోవాలని నిర్ణయించారు. ఎకరానికి 45 లక్షల రూపాయల దాకా ధర కట్టారు. పల్లానికి అంత ధరేమిటని కొందరు, మునిగే చోట పేదలకు ఇళ్లేమిటని కొందరు ఎదురు తిరిగారు. వ్యవహారం హైకోర్టుకెక్కి పనులు ఆగాయి. ఆ ఏడాది వానలకు ఆ భూములు చెరువులా నిండిన ఫోటోలు పేపర్లలో వచ్చాయి. ధర మీద ఆరోపణలను పార్టీలు ఎవరికి వీలైనట్టు వాళ్లు వాడుకున్నాయి. అసలు ప్రశ్న ఆ రొదలో పోయింది: 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ రెండు పంటలు పండే మాగాణిని గత్యంతరం లేనప్పుడే తీసుకోమంటుంది. మాట్లాడుకుని కొనే దారిలో వెళితే ఆ ప్రశ్న పెద్దగా ఎదురుకాదు. మెరక భూమికి ధర ఎక్కువ, దొరకదు. పేదలకు పల్లమే మిగులుతుంది. కాకినాడలో అదే సంవత్సరం ఇళ్ల స్థలాల కోసం దుమ్ములపేట దగ్గర మడ అడవి కొట్టి చదును చేశారు, ఆ వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పల్లం దాటితే సముద్రం ఒడ్డే కదా.

ఆ ఇళ్ల స్థలాల పథకం కింద 2020 డిసెంబర్ 25న పట్టాల పంపిణీని అప్పటి ముఖ్యమంత్రి జగన్ మోహన్ రెడ్డి మొదలుపెట్టింది కూడా పాత తూర్పు గోదావరి జిల్లాలోనే, యు. కొత్తపల్లి మండలం కొమరగిరిలో. అక్కడ 367 ఎకరాల్లో పదహారు వేలకు పైగా ప్లాట్లు. ఎకరానికి నలభై అయిదు కాపురాలు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48 గజాలు, సెంటున్నర అంటే 72 గజాలు. కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు. పక్కన ఆర్చి కట్టిన వెంచర్‌లో రోడ్లూ పార్కూ పోను ఎకరానికి 200 గజాల ప్లాట్లు పద్నాలుగు వస్తాయి, వాటిలో ఇళ్లు కట్టేది ఇద్దరో ముగ్గురో. ఎకరానికి నలభై అయిదు కాపురాలు పేదల కాలనీలో, రెండు కాపురాలు పైసలున్నవాళ్ల వెంచర్‌లో! సాంద్రత మీద చర్చ జరగవలసింది ఇక్కడ. జరిగింది మాత్రం పేదవాడికి సెంటు చాలా, చాలదా అన్న దాని మీదే. పునాది వేయకుండా పదేళ్లు రాళ్లు పాతి ఉంచిన ప్లాటు ఎన్ని బస్తాల ధాన్యం మింగిందో ఎవరూ లెక్కెయ్యలేదు. మున్సిపాలిటీల్లో ఖాళీ స్థలం పన్ను అని ఒకటుంది, వసూలు చేసే ఓపిక ఉంటే.

సెంటు చాలదన్న మాటను 2021 అక్టోబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి గట్టిగా అన్నారు. తెనాలి వైపు నుంచి వచ్చిన పిటిషన్లో తీర్పు చెబుతూ, పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర మనిషి ఆరోగ్యంగా బతకడానికి సరిపోవని, కమిటీతో అధ్యయనం చేయించే దాకా కట్టొద్దని చెప్పారు. తర్వాత డివిజన్ బెంచి ఆ తీర్పును పక్కన పెట్టింది. ప్రభుత్వం మారాక 2025లో లెక్క మారింది: పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు.

ఇంకో దారి అంతకు ముందే వేసి చూశారు. 2019కి ముందు పట్టణ పేదలకు ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థ టిడ్కో రాజమండ్రి, భీమవరం, పాలకొల్లు లాంటి పట్టణాల్లో జి ప్లస్ త్రీ బ్లాకులు కట్టింది, 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు. తక్కువ నేలలో ఎక్కువ కాపురాలు, ఒక్క చోటే నీళ్లు, ఒక్క చోటే మురుగు శుద్ధి. డెల్టాకు కాగితం మీద ఇంతకంటే సరిపోయే లెక్క లేదు. ఆచరణలో గోడలు లేచాక ఏళ్ల తరబడి నీళ్ల గొట్టాలు, డ్రైనేజీ రాక, బ్లాకుల చుట్టూ తుమ్మ మొలిచింది. కాపురాలు చేరాక వినిపించిన మాటలు వేరు: ధాన్యం ఎండబెట్టడానికి కళ్లం లేదు, గేదెకు పాక లేదు, పిల్లవాడికి పెళ్లయితే పక్కన గది వేసుకునే వీలు లేదు. వ్యవసాయ కూలీకి ఇల్లంటే గోడలు మాత్రమే కాదు, దొడ్డి కూడా. సెంటు స్థలం ఇచ్చినవాళ్లకూ ఈ సంగతి తెలియలేదు, బ్లాకు కట్టినవాళ్లకూ తెలియలేదు. కోనసీమలో ఇరవై సెంట్ల దొడ్డిలో, నాలుగు కొబ్బరి చెట్ల నీడన పుట్టి పెరిగినవాళ్లకు అన్నదమ్ముల వాటాల్లో అయిదు సెంట్లకు దిగడమే కష్టంగా ఉంది.

పటంలో ఏ రంగూ పడని కాపురాలు ఇంకా ఉన్నాయి. కాలువ గట్ల మీద, పుంతల పక్కన రెండు మూడు తరాలుగా ఉంటున్నవాళ్లు. 2024 తర్వాత ఉండి వైపు కాలువలు, డ్రెయిన్లు బాగుచేయిస్తూ గట్ల మీది ఆక్రమణలు తీయించారు. రైతులు హర్షించారు, నీళ్లు కదిలాయి. గట్టు మీద ఇల్లు కాలువను మూసేస్తుందన్నది ఎంత నిజమో, ఆ ఇంటివాడికి గట్టు తప్ప మెరక ఏదీ ఎవరూ ఇవ్వలేదన్నదీ అంతే నిజం.

పల్లానికి గీత గీయడం సాధ్యం కాదనేవాళ్లకు జవాబు పశ్చిమ గోదావరి సరిహద్దులోనే ఉంది. 1999 జీవో 120తో కొల్లేరులో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 308 చదరపు కిలోమీటర్లు. రంగు చూసి కాదు, నేల మట్టం చూసి గీసిన గీత అది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చారు. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. లోపల జిరాయితీ భూములున్న రైతులకు పరిహారం అందక, గీత మీద నమ్మకం కుదరక ఆ పంచాయితీ నేటికీ తెగలేదు. గీత గీయవచ్చని కొల్లేరు చెప్పింది. నష్టపరిహారం లేకుండా గీస్తే నిలవదనీ చెప్పింది.

కేరళ 2008లోనే వరి చేలు, చిత్తడి నేలల సంరక్షణ చట్టం చేసింది. ప్రతి పంచాయతీలో వరి భూముల జాబితా తయారుచేసి, స్థానిక కమిటీలో రైతుల ప్రతినిధుల్ని కూర్చోబెట్టి, ఇల్లు లేని యజమాని పల్లెలో పది సెంట్లు, పట్టణంలో అయిదు సెంట్లు దాకా పూడ్చుకోవచ్చని మినహాయింపు పెట్టింది. తర్వాత సడలింపులు వచ్చాయి, దొంగచాటు పూడికలూ ఆగలేదు. అయినా జాబితా అంటూ ఉంది కాబట్టి ఏ చేను పోయిందో అడగడానికి వీలుంది. హైదరాబాద్ జంట జలాశయాల పైన 84 గ్రామాల్లో కట్టడాలకు 1996లో పెట్టిన జీవో 111 ఆంక్షల్ని 2022లో ఎత్తివేస్తూ తెలంగాణ ఇచ్చిన ఉత్తర్వు మీద వాదన ఇంకా నడుస్తోంది. అక్కడి రైతుల ఫిర్యాదు కూడా గోదావరి రైతు ఫిర్యాదే: పట్నం నీళ్ల కోసం మా భూమి ధర పాతికేళ్లు పడుకుంది, దానికి మాకేం ఇచ్చారు?

ఈ తగాదాలో తప్పు ప్రశ్న మీద ఎక్కువ ఓపిక ఖర్చయింది. పొలం సైటు కావచ్చా అన్న దానికి అవునని ఒకరు, కాదని ఒకరు అంటూనే ఉంటారు. ఏ పొలం అన్నదే అసలు సంగతి. గ్రామకంఠాల్లో కూలిన పెంకుటిళ్లు, వాటాలు తేలక తాళాలు వేసిన లోగిళ్లు, రోడ్డు వెంట పదేళ్లుగా గడ్డి పెరిగిన వెంచర్లు, ఇవన్నీ మెరకే. వాటిలో రెండంతస్తులు, మూడంతస్తులు కట్టుకోవడానికి వీధి వెడల్పు, మురుగు గొట్టం సమకూర్చడం కష్టమైన పని, కానీ పంచాయతీ చేయగల పని. పల్లాన్ని లేపే ప్రతి దరఖాస్తుకూ డ్రెయిన్ల ఇంజినీరు సంతకం, దిగువ చేల సాగుదార్ల వాంగ్మూలం అడగడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, నియమాల్లో ఒక పేరా చాలు. నాలుగు శాతం రుసుములో కొంత ఆ డ్రెయిన్ పూడికకే ఖర్చు కావాలని రాస్తే ఆ డబ్బు ఎక్కడికి పోయిందని రైతు అడగగలుగుతాడు.

మూడు సెంట్ల మాట నిలబెట్టుకోవాలంటే ఇప్పుడు ఇంకో లెక్క ఎదురవుతుంది. వెయ్యి కాపురాలకు సెంటున్నర చొప్పున పదిహేను ఎకరాలు, రోడ్లతో కలిపి పాతిక. మూడు సెంట్ల చొప్పున ముప్పై ఎకరాలు, రోడ్లతో కలిపి యాభై. మెట్ట మండలాల్లో యాభై ఎకరాల ప్రభుత్వ భూమి వెతికితే దొరకవచ్చు. అల్లవరంలోనో మొగల్తూరులోనో కలెక్టరు వెతికితే దొరికేది రెండు పంటల మాగాణి, లేదా ఎవరూ కొనని పల్లం. ఆ పల్లానికి ఎకరానికి మూడొందల టిప్పర్ల మట్టి తోలాలి, తోలాక ఆ నీళ్లు దిగువనున్న ఏ పేటలోకి పోతాయో ముందే చూసుకోవాలి.